పదే పదే మూసుకుపోయే స్టీమ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కంప్యూటర్‌లో గేములు ఆడేవాళ్ల నుంచి ఈసారి ఒకే రకం ఉత్తరాలు వరసగా వచ్చాయి. గేములు కొని దించుకుని ఆడుకునే స్టీమ్ ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదని, తెరుచుకున్నా నిలవడం లేదని, ఆట మంచి పట్టులో ఉండగా డెస్క్‌టాప్ మీదికి వచ్చి పడుతున్నామని. షాపులో చూపిస్తే ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్నారని చాలామంది రాశారు. దయచేసి తొందరపడకండి. ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడల్లా విండోస్ దాదాపు ఎప్పుడూ ఒక నమోదు రాసి పెడుతుంది. ఫార్మాట్ కొడితే ఆ నమోదు కూడా తుడిచిపెట్టుకుపోతుంది, అసలు కారణం హార్డ్‌వేర్‌లో ఉంటే వారం తిరక్కముందే కథ మొదటికి వస్తుంది. ముందు నమోదు చదవండి, తర్వాత చెయ్యి వెయ్యండి. మార్చేటప్పుడు కూడా ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో చివరికి తెలియదు.

ప్రశ్న: స్టీమ్ ఐకాన్ నొక్కితే చిన్న పెట్టె వస్తుంది, లోడ్ అవుతున్నట్టే ఉంటుంది, అర నిమిషంలో మాయమవుతుంది. ఒక్కోసారి ‘స్టీమ్‌వెబ్‌హెల్పర్ స్పందించడం లేదు’ అని చూపిస్తోంది. తీసేసి మళ్లీ వేసుకున్నా అంతే. గేములు 300 జీబీ దాకా డీ డ్రైవ్‌లో ఉన్నాయి. హాస్టల్ వైఫైలో అవన్నీ మళ్లీ దించుకోవడం అయ్యే పని కాదు. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఇంటెల్, ఎన్విడియా గ్రాఫిక్స్ రెండూ ఉన్నాయి.
- ఇంజినీరింగ్ విద్యార్థి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీ గేములకు ఏమీ కాలేదు, ఫార్మాట్ అవసరమూ లేదు. స్టీమ్ చూడ్డానికి ఒక్క ప్రోగ్రామే గానీ లోపల రెండు ముక్కలుగా పనిచేస్తుంది. లాగిన్, డౌన్‌లోడ్లు చూసుకునేది ఒకటి. స్టోర్, లైబ్రరీ, స్నేహితులతో చాట్ లాంటి కంటికి కనిపించే భాగమంతా నిజానికి వెబ్ పేజీలే. వాటిని తెర మీద గీసేది స్టీమ్‌వెబ్‌హెల్పర్ అనే రెండో ముక్క. గూగుల్ క్రోమ్‌కు మూలమైన క్రోమియం మీదే దీన్నీ కట్టారు. పేజీలు చకచకా కనిపించడానికి ఇది గ్రాఫిక్స్ కార్డు సాయం తీసుకుంటుంది. కార్డును విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, తడబడితే ఇది కూలుతుంది, దీంతో పాటు స్టీమ్ కిటికీ మాయమవుతుంది. మీరు తీసి వేసింది స్టీమ్‌ని మాత్రమే. డ్రైవర్ అక్కడే ఉంది, అందుకే ఫలితం మారలేదు.

మొదట కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. స్టీమ్ పేరుతో ఉన్న ప్రతి వరసనూ ఎండ్ టాస్క్ చేయండి. వెబ్‌హెల్పర్ వరసలు ఐదారు ఉండొచ్చు, ఏదీ మిగలకూడదు. ఇప్పుడు స్టీమ్ తెరవండి. స్పందించడం లేదన్న పెట్టె మళ్లీ వస్తే అందులో జీపీయూ యాక్సిలరేషన్, అంటే గ్రాఫిక్స్ కార్డు సాయం, ఆపి రీస్టార్ట్ చేసే మీట ఉంటుంది, అది నొక్కండి. పెట్టె రాకుండానే మూసుకుపోతుంటే డెస్క్‌టాప్ మీద స్టీమ్ షార్ట్‌కట్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి. టార్గెట్ గడిలో చివరి కోట్ గుర్తు తర్వాత ఒక ఖాళీ వదిలి, హైఫన్, సీఈఎఫ్, హైఫన్, డిసేబుల్, హైఫన్, జీపీయూ అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీ లేకుండా వరసగా టైప్ చేయండి. కోట్ గుర్తు లోపల రాస్తే షార్ట్‌కట్టే పనిచేయదు. ఈ మార్పుతో స్టీమ్ నిలబడితే తప్పు గ్రాఫిక్స్ వైపు ఉందని తేలినట్టే. తర్వాత స్టీమ్ సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్‌కి వెళ్లి, వెబ్ వ్యూలకు జీపీయూ వాడే స్విచ్ ఆపేసుకుంటే షార్ట్‌కట్‌లో రాసింది తీసేయొచ్చు. గేముల వేగం దీనివల్ల తగ్గదు. స్టోర్ పేజీలు కదిలేటప్పుడు కాస్త బరువుగా అనిపిస్తాయి, అంతే.

అదే పెట్టెలో శాండ్‌బాక్స్ ఆపి తెరిచే మీట కూడా కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో పరీక్షించడానికి ఒకసారి వాడండి గానీ అలాగే వదిలేయొద్దు. వెబ్ పేజీల్లోంచి కంప్యూటర్‌లోకి ఏదీ చొరబడకుండా కాపాడే గోడ అది.

మీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ రెండు ఉన్నాయి కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరసగా తెరిచి, స్టీమ్‌వెబ్‌హెల్పర్‌ని జాబితాలో చేర్చి, పవర్ సేవింగ్ ఎంచుకోండి. ఆ ఫైలు స్టీమ్ ఫోల్డర్‌లో బిన్, దానిలో సీఈఎఫ్ లోపల ఉంటుంది. దీంతో స్టీమ్ పేజీలను ఇంటెల్ గీస్తుంది, గేములు ఎన్విడియా మీదే నడుస్తాయి.

ఇంకా కుదరకపోతే రెండు చోట్ల చూడండి. స్టీమ్ డాట్ ఈఎక్స్‌ఈ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరవండి. పాత విండోస్ మోడ్‌లో నడపమని ఎప్పుడో ఎవరో టిక్కు పెట్టి ఉంటే తీసేయండి. ఆ ఒక్క టిక్కు చాలు వెబ్‌హెల్పర్ లేవకుండా చేయడానికి. రెండోది, విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన గడిలో లోకల్‌యాప్‌డేటా అని రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. తెరుచుకున్న చోట స్టీమ్ ఫోల్డర్, అందులో హెచ్‌టీఎంఎల్‌క్యాష్ ఫోల్డర్ ఉంటుంది. దాన్ని తీసేయండి. పాడైన పేజీల నిల్వ ఇందులో ఉంటే అది పోయి కొత్తది తయారవుతుంది.

ఆఖరి మెట్టు: స్టీమ్ ఫోల్డర్‌లో స్టీమ్‌యాప్స్, యూజర్‌డేటా అనే రెండు ఫోల్డర్లూ, స్టీమ్ డాట్ ఈఎక్స్‌ఈ ఫైలూ ఉంచి మిగతావన్నీ తీసేయండి. మళ్లీ తెరిస్తే తనకు కావలసిన ఫైళ్లు తనే దించుకుంటుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. డీ డ్రైవ్ గేములు కనిపించకపోతే కంగారుపడకండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి ఆ డ్రైవ్‌ను మళ్లీ జోడిస్తే చాలు.

సీ డ్రైవ్‌లో గేములున్న పాఠకులు ఒక్క మాట గుర్తుంచుకోండి. స్టీమ్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే స్టీమ్‌యాప్స్‌లో ఉన్న గేములన్నీ దాంతో పాటే పోతాయి. అన్‌ఇన్‌స్టాల్ చేయక తప్పనప్పుడు ఆ ఫోల్డర్‌ను ముందుగా వేరే చోటికి జరపండి.

ప్రశ్న: స్టీమ్ బాగానే ఉంది. గేమ్ మాత్రం పది, ఇరవై నిమిషాలకు ఏ సందేశమూ లేకుండా మూసుకుపోతోంది. ఏదో ఒక్క గేమ్ అయితే సరే, రెండు మూడింట్లో ఇదే వరస. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఈవెంట్ వ్యూయర్ నుంచి. స్టార్ట్ మెనూలో ఆ పేరుతో వెతికి తెరవండి. ఎడమ వైపు విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్. గేమ్ మూసుకుపోయిన సమయానికి ఎర్ర గుర్తుతో, సోర్స్ దగ్గర అప్లికేషన్ ఎర్రర్ అని, ఈవెంట్ ఐడీ 1000తో ఒక వరస ఉంటుంది. దాన్ని నొక్కితే కింద వివరం వస్తుంది. మొదటి వరసలో కూలిన ప్రోగ్రామ్ పేరు. దాని కింద ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ అని మరో పేరు. మీకు కావలసింది ఈ రెండోది. ఆ కిందే ఎక్సెప్షన్ కోడ్. చివర సీ0000005 అని ఉంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీ చోటును ముట్టుకోబోయి ఆగిపోయిందని అర్థం. ఈ కోడ్ ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం. రకరకాల కారణాలకు ఇదే కోడ్ వస్తుంది.

మాడ్యూల్ పేరు ఎన్‌వీ అక్షరాలతో మొదలై డీఎల్ఎల్‌తో ముగిస్తే ఎక్కువగా ఎన్విడియా డ్రైవర్. ఏటీఐ, ఏఎండీ అక్షరాలైతే ఏఎండీది, ఐజీతో మొదలైతే ఇంటెల్ గ్రాఫిక్స్‌ది. వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 లాంటివి కనిపిస్తే గేములు నడవడానికి ఆధారపడే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ పాతబడిందేమో చూడాలి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఎక్స్64, ఎక్స్86 రెండూ దించి వేసుకోండి. 64 బిట్ విండోస్‌లోనూ ఎక్స్86ది కావాలి, 32 బిట్ గేములు దాన్నే వెతుక్కుంటాయి. గేమ్‌ఓవర్‌లేరెండరర్ అని ఉంటే స్టీమ్ ఓవర్‌లే, ఆర్‌టీఎస్ఎస్‌హుక్స్ అని ఉంటే తెర మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) చూపించే రివాట్యూనర్. ఇవి గేమ్ లోపలికి దూరి తమ బొమ్మ గీస్తాయి. ఇలాంటివి రెండు మూడు ఒకేసారి దూరితే తగాదా వస్తుంది. డిస్కార్డ్ ఓవర్‌లే, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు కూడా ఈ కోవలోవే. అన్నీ ఆపి ఒకరోజు ఆడి చూడండి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి ఆన్ చేయండి.

ఎన్‌టీడీఎల్ఎల్ అని వస్తే మాత్రం దాన్ని నిందించి లాభం లేదు. అది విండోస్ సొంత ఫైలు. వేరొకరు పాడుచేసిన మెమరీ అక్కడికి వచ్చి బయటపడుతుంది. ప్రతి క్రాష్‌కూ మాడ్యూల్ పేరు మారుతోందంటే అనుమానం ర్యామ్ మీదికి తిప్పండి. ర్యామ్ సంగతి పట్టించే గుర్తు మరొకటి ఉంది. స్టీమ్ లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, వెరిఫై ఇంటెగ్రిటీ. ఇది మీ దగ్గరున్న ఫైళ్లను అసలుతో పోల్చి, పాడైనవి మళ్లీ దించుతుంది. ఒకసారి నాలుగు ఫైళ్లు పాడయ్యాయని, వెంటనే ఇంకోసారి చేస్తే ఏడని, మూడోసారి రెండని చెబుతుంటే ఫైళ్లది కాదు తప్పు. చదివే దారిలో ర్యామ్ గానీ డిస్కు గానీ చెడింది.

అప్పుడు బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలవగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో, ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ, లేదా ఎక్స్‌పో, ఆపి మామూలు వేగంతో నడిపి చూడండి. రెండు ర్యామ్ స్టిక్కులు ఉంటే ఒక్కటే ఉంచి ఆడండి, తర్వాత రెండోది. విండోస్‌లో మెమరీ డయాగ్నస్టిక్ ఉంది గానీ దాని మాట మీద పూర్తిగా ఆధారపడొద్దు. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, రాత్రి పెట్టి వదిలేయండి. ఉచిత వెర్షన్ నాలుగు విడతలు పరీక్షిస్తుంది. ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్కు పనికిరాదు. ర్యామ్ స్టిక్కులకు చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, కొత్తది కొనే ముందు బిల్లు వెతకండి.

డ్రైవర్ అని తేలితే పాతదాని మీద కొత్తది వేయడం కన్నా శుభ్రంగా తీసి వేయడం మేలు. ముందు మీ కార్డుకు సరిపోయే డ్రైవర్ దించి పెట్టుకోండి. తర్వాత ఇంటర్నెట్ తీసేయండి, లేకపోతే మధ్యలో విండోస్ తనకు తోచిన డ్రైవర్ వేసేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దారిలో సేఫ్ మోడ్‌కి వెళ్లొచ్చు. అక్కడ డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపి, రీస్టార్ట్ అయ్యాక దించిపెట్టిన డ్రైవర్ వేయండి. విండోస్ 11 ల్యాప్‌టాప్ అయితే ఈ దారిలో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ తన రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ 48 అంకెలు ఉన్నాయో లేదో ముందే చూసి కాగితం మీద రాసుకోండి. కొత్త డ్రైవర్ వేసిన రోజు నుంచే గొడవ మొదలైతే ఇదంతా అక్కర్లేదు. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కి పాతదానికి వెళ్లిపోండి.

మాడ్యూల్ పేరు విండోస్‌దే అయి, ర్యామ్ బాగుంటే, విండోస్ ఫైళ్లను బాగుచేయాలి. టెర్మినల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మొదట డీఐఎస్ఎం, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, ఖాళీ, స్లాష్ రిస్టోర్‌హెల్త్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అది పూర్తయ్యాక ఎస్ఎఫ్‌సీ, ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ. ఈ వరసే ముఖ్యం. రెండోది బాగుచేయడానికి తెచ్చుకునే మంచి ఫైళ్ల నిల్వను మొదటిది సరిచేస్తుంది.

ప్రశ్న: మా పిల్లోడి కంప్యూటర్‌కి ఇన్వర్టర్ లైన్ ఇచ్చినాము. కరెంటు పోతే ఫ్యాన్లు, లైట్లు ఆగవు గానీ గేమ్ ఆడతా ఉంటే మాత్రం కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. చదువుకునేటప్పుడు ఆగదు. పోయిన వారం అట్ల ఆగినాక స్టీమ్‌లో ‘డిస్క్ రైట్ ఎర్రర్’ అని వస్తా ఉంది. గేమ్ వల్లనే కంప్యూటర్ చెడిపోయిందా?
- ఒక తల్లి, కొంగారెడ్డిపల్లి, చిత్తూరు

జవాబు: లేదమ్మా, గేమ్ వల్ల కాదు. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునే లోపు ఒక చిన్న విరామం ఉంటుంది. ఆ విరామాన్ని కంప్యూటర్ పవర్ సప్లై తనలో దాచుకున్న కొద్దిపాటి శక్తితో దాటాలి. మంచి పవర్ సప్లై పూర్తి లోడు మీద 12 నుంచి 17 మిల్లీసెకన్లు కంప్యూటర్‌ను నిలబెట్టగలదు. చాలా ఇన్వర్టర్లకు వెనకో ముందో ఒక స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. యూపీఎస్ మోడ్‌లో విరామం 10 మిల్లీసెకన్ల దగ్గర, నార్మల్‌లో 40 దాకా పోవచ్చు. ఫ్యానుకు 40 మిల్లీసెకన్లు లెక్కలోకి రావు. చదువుకునేటప్పుడు కంప్యూటర్ లాగేది తక్కువ కాబట్టి దాచుకున్న శక్తి సరిపోతుంది. గేమ్‌లో 300, 400 వాట్లు లాగుతుంది కాబట్టి సరిపోదు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే.

స్విచ్ యూపీఎస్ వైపు తిప్పించండి. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఆ మోడ్‌లో లైన్ వోల్టేజి సుమారు 180 కిందికి దిగితే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. మీ వీధిలో సాయంత్రం లో వోల్టేజి ఉంటే బ్యాటరీ ఊరికే ఖర్చయిపోతుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే వదిలి, కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ పెట్టడం మంచిది. కొనేటప్పుడు వీఏ అంకె చూసి మోసపోవద్దు, వాట్ల అంకె చూడండి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. గేములాడే కంప్యూటర్, మానిటర్ కలిపితే అది చాలదు. అదీ గాక ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయితే కొన్ని కొత్త పవర్ సప్లైలకు పడదు. ప్యూర్ సైన్ వేవ్ అని పెట్టె మీద ఉందేమో చూడండి.

అనుమానం తీరాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో ఈసారి అప్లికేషన్ కాకుండా సిస్టమ్ తెరిచి చూడమనండి. ఆగిన సమయానికి కెర్నల్ పవర్, ఐడీ 41 ఉంటే కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని రుజువు.

ఇక ఆ డిస్క్ రైట్ ఎర్రర్. స్టీమ్ ఏదో అప్‌డేట్ రాస్తుండగా కరెంటు పోయి ఫైలు సగంలో ఆగిపోయి ఉంటుంది. స్టీమ్ పూర్తిగా మూసి, గేములున్న డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద చెక్ నొక్కాలి. తర్వాత స్టీమ్ సెట్టింగ్స్, స్టోరేజ్, ఆ డ్రైవ్ పక్కన మూడు చుక్కలు, రిపేర్ ఫోల్డర్. అప్పటికీ అప్‌డేట్ ముందుకు కదలకపోతే స్టీమ్‌యాప్స్‌లో డౌన్‌లోడింగ్ అనే ఫోల్డర్‌ను ఖాళీ చేసి, గేమ్‌ను వెరిఫై చేస్తే మళ్లీ మొదటి నుంచి దించుకుంటుంది. ఇలా ఎన్నోసార్లు ఆగిన కంప్యూటర్‌లో డిస్కు ఆరోగ్యం కూడా చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవగానే గుడ్ అని నీలంగా వస్తే సరే. పసుపు రంగులో కాషన్ అని వస్తే అబ్బాయి చదువు ఫైళ్లు, ఫొటోలు ఆ రోజే వేరే చోటికి కాపీ చేయించండి, స్టీమ్ సంగతి తర్వాత చూడొచ్చు.

ప్రశ్న: ఎండాకాలం మధ్యాహ్నం ఆడితేనే క్రాష్ అవుతోంది. రాత్రి ఎంతసేపు ఆడినా కాదు.
- డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: బయట 40 డిగ్రీలు దాటే రోజుల్లో మన ఊళ్లలో ఇది మామూలే. అయితే ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, ఒక్కసారిగా క్రాష్ అవ్వదు. నెమ్మదించకుండానే కూలుతోందంటే గ్రాఫిక్స్ కార్డు, దాని మెమరీ, పవర్ సప్లై, ర్యామ్ వేడికి తట్టుకోవడం లేదనుకోవాలి. డెస్క్‌టాప్ అయితే పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి మధ్యాహ్నమే ఆడి చూడండి. క్రాష్ ఆగిందా, వేడే కారణం. దుమ్ము దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు లోపలి ఫ్యాన్లు గిరగిర తిరగనివ్వకుండా వేలితో ఆపి పట్టుకోండి. ఏళ్ల నాటి కంప్యూటర్ అయితే థర్మల్ పేస్టు మార్పించండి. కార్డును ఓవర్‌క్లాక్ చేసి ఉంటే తీసేయండి. కంపెనీ నుంచే వేగం పెంచి వచ్చిన కార్డు అయితే కార్డు వేగం సర్దే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో కోర్ క్లాక్ 50 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి. ఆడేటప్పుడు తేడా తెలియదు.

ప్రశ్న: పాత కంప్యూటర్, విండోస్ 7. ఇన్నాళ్లూ నడిచిన స్టీమ్ ఇప్పుడు అసలు తెరుచుకోవడం లేదు.
- ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మీ వైపు తప్పేమీ లేదు. విండోస్ 7, 8, 8.1లకు స్టీమ్ 2024 జనవరి 1 నుంచి మద్దతు ఆపేసింది. లోపలున్న క్రోమియం కొత్త వెర్షన్లు పాత విండోస్‌లో నడవవు. 32 బిట్ విండోస్‌కు కూడా 2026 జనవరి 1తో తెర పడింది. కాబట్టి వేస్తే 64 బిట్‌దే వేయాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మీ యంత్రానికి అంత లేకపోతే లైనక్స్ మింట్ వేసి దాంట్లో స్టీమ్ పెట్టుకోండి. ప్రోటాన్ అనే ఏర్పాటుతో చాలా విండోస్ గేములు నడుస్తాయి. మోసం చేసి ఆడేవాళ్లను పట్టే యాంటీ చీట్ ఉన్న కొన్ని ఆన్‌లైన్ గేములు నడవవు, కొత్త గేముల మీద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ పెట్టుకునేటప్పుడు నా పేరు తెలుగులో టైప్ చేశాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ రెండు గేములు మాత్రం నొక్కగానే మూసుకుపోతున్నాయి. దీనికీ దానికీ సంబంధం ఉందా?
- ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: ఉండొచ్చు. మీ అనుమానం చాలా సరైనది. తెలుగులో పేరు పెట్టుకోవడం మీ హక్కు, విండోస్ దాన్ని చక్కగా భరిస్తుంది కూడా. కొన్ని గేములు రాసినవాళ్లే ఇంగ్లిష్ అక్షరాలు తప్ప వేరేవి ఎదురవుతాయని ఊహించలేదు. సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. మీ ఫోల్డర్ పేరు తెలుగులో ఉందా? గేములు సెట్టింగ్స్, సేవ్ ఫైళ్లు రాసుకునేది ఎక్కువగా దాని లోపలే. ఆ దారి చదవలేని గేమ్ మొదటి అడుగులోనే కూలుతుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో పేరు మార్చితే సరిపోదు. తెర మీద పేరు మారుతుంది, ఫోల్డర్ పేరు పాతదే ఉంటుంది. ఫోల్డర్‌ను నేరుగా రీనేమ్ చేసే ప్రయత్నం అసలు చేయకండి, మొత్తం ప్రొఫైల్ తెరుచుకోకుండా పోతుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్ దగ్గర ఇంగ్లిష్ అక్షరాల పేరుతో కొత్త లోకల్ ఖాతా చేసి, అందులోంచి ఆ రెండు గేములూ ఆడి చూడండి. నడిస్తే మీ పాత ఖాతాను కదిలించకండి, గేములకు మాత్రం కొత్తది వాడుకోండి. తెర మీద కనిపించే పేరును కొత్త ఖాతాలో కూడా తర్వాత తెలుగులోకి మార్చుకోవచ్చు, ఫోల్డర్ ఇంగ్లిష్‌లోనే ఉండిపోతుంది.

కొత్త ఖాతాలో కూడా కూలుతుంటే విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది డాక్యుమెంట్స్‌లో గేమ్‌ను రాయనివ్వకపోయినా ఇలాగే జరుగుతుంది. దాన్ని ఆపక్కర్లేదు, అనుమతి జాబితాలో గేమ్‌ను చేర్చండి చాలు.

ప్రశ్న: 13వ తరం కోర్ ఐ9 డెస్క్‌టాప్, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు. గేమ్ మొదలై షేడర్లు తయారవుతున్నప్పుడు ‘వీడియో మెమరీ అయిపోయింది’ అని మూసుకుపోతోంది. కొత్త కార్డు కొనమంటున్నారు. కొనాలా?
- ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: వద్దు, డబ్బు దాచుకోండి. ఆ సందేశం కార్డును చూపిస్తుంది గానీ మీలాంటి కంప్యూటర్లలో అసలు దోషి చాలాసార్లు ప్రాసెసర్. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి అవసరానికి మించిన వోల్టేజి అంది, లోపలి భాగం క్రమంగా అరిగిపోయే లోపం ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. షేడర్లు, అంటే బొమ్మను ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు, తయారుచేయడం, దించిన ఫైళ్లను విప్పడం ప్రాసెసర్ అన్ని కోర్లనూ ఒక్కసారిగా పిండే పనులు. అరిగిన ప్రాసెసర్ లెక్క అక్కడే తప్పుతుంది. తప్పిన లెక్క గేమ్‌కు మెమరీ చాలనట్టు కనిపిస్తుంది.

మీ మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేరుతో వెతికి కొత్త బయోస్ దించండి. వివరణలో ప్రాసెసర్‌ను లోపలి నుంచి నడిపించే మైక్రోకోడ్ 0ఎక్స్129, లేదా దాని తర్వాత వచ్చిన 0ఎక్స్12బీ, అంతకన్నా కొత్తది ఉండాలి. బయోస్ మార్చేటప్పుడు కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు, అందుకని యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. బిట్‌లాకర్ కీ కూడా ముందే దగ్గర ఉంచుకోండి. పూర్తయ్యాక బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి. కొన్ని బోర్డులు తమంతట తాము వేగం పెంచే సెట్టింగ్ పెట్టుకుని ఉంటాయి.

కొత్త మైక్రోకోడ్ ఇకపై అరగకుండా ఆపుతుంది, ఇప్పటికే అరిగినదాన్ని బాగుచేయలేదు. బయోస్ మార్చినా క్రాష్ ఆగకపోతే ప్రాసెసర్ మార్పించుకోవలసిందే. ఈ లోపం ఉన్న మోడళ్లకు ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది, పెట్టెలో వచ్చిన వాటికి మూడేళ్లది ఐదేళ్లయింది. బిల్లు, పెట్టె మీది సీరియల్ నంబరు తీసి సిద్ధంగా పెట్టుకోండి. విడిభాగాలుగా కాకుండా తయారైన కంప్యూటర్ కొని ఉంటే ఆ కంప్యూటర్ కంపెనీనే అడగాలి.

ప్రశ్న: స్టీమ్ గురించే రాస్తారు. ఎపిక్, ఈఏ, ఎక్స్‌బాక్స్ యాప్‌లు మూసుకుపోతే?
- ఇద్దరు అన్నదమ్ములు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వీటి కిటికీలు కూడా చాలావరకు వెబ్ పేజీలే కాబట్టి మొదటి మందు అదే, నిల్వను తుడవడం. ఎపిక్‌కు లోకల్‌యాప్‌డేటాలో ఎపిక్‌గేమ్స్‌లాంచర్, దానిలో సేవ్డ్ ఫోల్డర్ తెరిచి, వెబ్‌క్యాష్ అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్లన్నీ తీసేయండి. అంకెలతో ముగిసేవి కూడా. ఈఏ యాప్‌లో హెల్ప్ కింద యాప్ రికవరీ, క్లియర్ క్యాష్. యాప్ తెరుచుకోకపోతే యాప్ రికవరీని స్టార్ట్ మెనూలో వెతికి నేరుగా తెరవొచ్చు. ఎక్స్‌బాక్స్‌కు మాత్రం దారి వేరు. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో ఎక్స్‌బాక్స్ పక్కన మూడు చుక్కలు నొక్కి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ముందు రిపేర్, కుదరకపోతే రీసెట్. అదే జాబితాలో గేమింగ్ సర్వీసెస్ అని ఇంకోటి ఉంటుంది, దానికీ ఇదే చేయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు, తప్పు ఎక్కువసార్లు దీంట్లోనే ఉంటుంది. అప్పటికీ లేవకపోతే విండోస్ మీట, ఆర్ నొక్కితే వచ్చే రన్ గడిలో డబ్ల్యూఎస్‌రీసెట్ అని కొట్టి మైక్రోసాఫ్ట్ స్టోర్ నిల్వ తుడవండి. కంప్యూటర్ తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్‌లలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే ఈ యాప్‌లేవీ లాగిన్ కానివ్వవు. ఆ బ్యాటరీ వాచీల దుకాణంలో కూడా దొరుకుతుంది.